రెప్టైల్ షోలో బ్రీడర్‌తో బేరం: తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్ ఆర్లింగ్టన్‌లోనూ షికాగో పక్కన టిన్లీ పార్క్‌లోనూ జరిగే ఎన్‌ఏఆర్‌బీసీ అనే బ్రీడర్ల సమ్మేళనం, ఆగస్టులో ఫ్లోరిడా డేటోనా బీచ్‌లో జరిగే ఎక్స్‌పో, ఊరూరా తిరిగే రెప్టికాన్: అమెరికాలో పెంపుడు పాములు, బల్లులు కొనేవారిలో చాలామంది వెళ్లేది ఇలాంటి రెప్టైల్ షోలకే. అక్కడ టేబుళ్లు పెట్టి అమ్మేది ఎక్కువగా బ్రీడర్లు, అంటే వాటిని పెంచి పిల్లలు తీయించేవారు. డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు ఆర్లింగ్టన్ గంటలోపు దారి. మొదటిసారి వెళ్లేవారు, ఒకటి రెండుసార్లు వెళ్లి చేతులు కాల్చుకున్నవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. ఉదాహరణలు ఎక్కువగా బాల్ పైథాన్ (చిన్న జాతి కొండచిలువ), లెపర్డ్ గెకో (మచ్చల బల్లి) మీద ఉంటాయి, ఎందుకంటే షోలో ఎక్కువ టేబుళ్లు వాటివే.

షోలో బేరం ఆడొచ్చా? తప్పుగా అనుకోరా?

ఆడొచ్చు. చాలామంది బ్రీడర్లు చీటీ మీద రాసిన ధరలో కొంత తగ్గించడానికి సిద్ధపడే వస్తారు. కానీ కోఠిలోనో బీసెంట్ రోడ్డులోనో చెప్పిన ధరకు సగం నుంచి మొదలుపెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. 200 డాలర్ల పాముని వందకు అడిగితే దాన్ని బేరానికి మొదలుగా తీసుకోరు. కొనే ఉద్దేశం లేదనుకుని పక్కవారి వైపు తిరుగుతారు. బోణీ సెంటిమెంటూ ఇక్కడ లేదు. పొద్దున్నే మొదటి గిరాకీ మనమే కదా అని ఎవరూ తగ్గించరు.

ఎంతవరకు తగ్గుతుంది?

50 డాలర్ల లోపు జంతువుకు అడగకపోవడమే మర్యాద. అందులో మిగిలేది చాలా తక్కువ. 100 నుంచి 300 డాలర్ల మధ్య ఉంటే పది శాతం అడగడం సబబు. 500 దాటితే పదిహేను శాతం దాకా అడగొచ్చు. ఒకే టేబుల్ దగ్గర రెండు మూడు తీసుకుంటే పదిహేను, ఇరవై శాతం దాకా వస్తుంది. బేరంలో నిజంగా పనిచేసేది ఇదే. అందుకే అన్నదమ్ములిద్దరూ చెరొకటి కొనాలనుకుంటే వేర్వేరు టేబుళ్ల దగ్గర విడివిడిగా కొనకండి.

చీటీ మీద ‘ఫర్మ్’ అని రాసి ఉంటే అడగకండి. ఆ మాటకు అర్థం అదే.

పాము పిల్ల చూస్తే చేతి మందం కూడా లేదు. అంత ధర దేనికి?

ఆడ బాల్ పైథాన్ గుడ్లు పెట్టాలంటే సుమారు 1,500 గ్రాములు తూగాలి. అందుకు సాధారణంగా మూడేళ్లు పడుతుంది. ఆ తర్వాత ఏడాదికి ఒక్కసారి, అదీ పెడితే, ఆరు గుడ్ల చుట్టూ పెడుతుంది. వాటిని 88-90 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 55 నుంచి 60 రోజులు పొదిగించాలి. పుట్టిన పిల్ల పది రోజుల్లోపు మొదటి కుబుసం విడుస్తుంది, ఆ తర్వాతే తిండి. అక్కడే అసలు కష్టం మొదలవుతుంది. కొన్ని పిల్లలు వారాల తరబడి ముట్టవు, వాటి వెంట పడి తినిపించాలి. దీనికి టేబుల్ అద్దె, రెండు రాత్రుల హోటల్, పెట్రోలు కలుపుకోండి.

కాబట్టి ఒకే రంగు పిల్లలు రెండు కనిపించి, ఒకటి 60 గ్రాములు, ఇంకోటి 150 గ్రాములు ఉంటే వాటి ధర తేడా గ్రాములది కాదు. చిన్నదాన్ని తినిపించే కష్టం ఇంకా మిగిలే ఉంది, అది మీ నెత్తిన పడబోతోంది. పెద్దదాన్ని ఆ కష్టం బ్రీడర్ దాటించేశాడు. కొత్తవారు ఎక్కువ పెట్టయినా పెద్దదాన్నే తీసుకోవాలి.

టేబుల్ వెనక ఉన్న మనిషి బ్రీడరో, కొని అమ్మేవారో ఎలా తెలుస్తుంది?

నాలుగు ప్రశ్నలు చాలు. ఏ తేదీన పుట్టింది? తల్లిదండ్రుల ఫొటోలు ఉన్నాయా? ఇప్పటికి ఎన్నిసార్లు తింది? చివరిసారి ఎప్పుడు, ఏం తింది? స్వయంగా పెంచినవారైతే ఫోన్ తీసి చూపిస్తారు, లేదా చీటీ వెనక రాసే ఉంటుంది. కొని అమ్మేవారు ‘బాగా తింటుంది’ అనేసి ఊరుకుంటారు. వారి దగ్గర ధర ఎక్కువ తగ్గొచ్చు, హోల్‌సేల్‌లో తెచ్చినవే కాబట్టి. కానీ నాలుగైదు చోట్ల నుంచి తెచ్చిన జంతువులు ఒకే టేబుల్ మీద చేరితే మైట్స్ (ఒంటిని పట్టి రక్తం పీల్చే చిన్న పురుగులు), ఇన్ఫెక్షన్లు ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతాయి. అక్కడ మిగిలిన పాతిక డాలర్లు వెట్ దగ్గర పదింతలై పోతాయి.

‘ఫార్మ్ రైజ్డ్’, ‘క్యాప్టివ్ హ్యాచ్డ్’ అన్న మాటలు కనిపిస్తే ఆగండి. బాల్ పైథాన్ల విషయంలో ఆ మాటలకు ఎక్కువగా అర్థం టోగో, బెనిన్, ఘనా నుంచి దిగుమతి అయినవని. తరచూ పిడుదులతో, కడుపులో పురుగులతో వస్తాయి, చాలావరకు చచ్చిన ఎలుకను ఆహారంగా గుర్తుపట్టవు. మీకు కావలసిన మాట ‘క్యాప్టివ్ బ్రెడ్’, అంటే పెంపకంలోనే జతకట్టించి పుట్టించింది.

షోకి వెళ్లేముందు సరైన ధర ఎలా తెలుసుకోవాలి?

సరీసృపాల అమ్మకాల వెబ్‌సైట్ మార్ఫ్‌మార్కెట్ తెరవండి. మీకు కావలసిన మార్ఫ్ (జన్యువుల వల్ల వచ్చే రంగు రకం), ఆడా మగా, పుట్టిన ఏడాది, బరువు, ఈ నాలుగూ సరిపోయే ప్రకటనలు పది తీసుకోండి. అన్నిటికంటే ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగిలినవాటి మధ్య ధర రాసుకోండి. అవి అడుగుతున్న ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావని గుర్తుంచుకోండి. నెలల తరబడి కదలని ప్రకటన ధర ఎక్కువని చెప్పకనే చెబుతోంది.

చాలామంది ఇక్కడ ఒక లెక్క మరిచిపోతారు. ఆన్‌లైన్‌లో కొంటే ఓవర్‌నైట్ షిప్పింగ్‌కు 50 నుంచి 70 డాలర్లు అదనం. ఆన్‌లైన్‌లో 180 అన్నది ఇంటికి చేరేసరికి 240 అవుతుంది. షోలో అదే 200కి దొరికి, చేత్తో పట్టుకుని చూసుకునే వీలుంటే అది ఖరీదైనది కాదు. ఫోన్‌లో 180 చూపించి ‘ఇదిగో ఇక్కడ తక్కువ’ అని వాదిస్తే బ్రీడర్ చెప్పే జవాబు కూడా ఇదే.

మార్ఫ్, హెట్ అంటూ చీటీ మీద ఏవేవో రాస్తారు. వాటికి ఎంత ఇవ్వాలి?

బేరంలో కొత్తవారు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

పైడ్, క్లౌన్, అల్బినో లాంటివి రిసెసివ్ లక్షణాలు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఆ జన్యువు వస్తేనే పైకి కనిపిస్తుంది. ఒక్క వైపు నుంచే వస్తే పాము మామూలుగా ఉంటుంది కానీ లోపల మోస్తూ ఉంటుంది. దాన్నే హెట్ అంటారు. పైడ్ పాముకు పుట్టిన పిల్ల కచ్చితంగా హెట్, అంటే నూరు శాతం. రెండు హెట్‌లను కలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి పైడ్, రెండు హెట్, ఒకటి మామూలు. చూడటానికి మామూలుగా ఉన్న మూడింటిలో రెండు మోస్తున్నాయి, ఏ రెండో తెలియదు. అందుకే వాటికి 66 శాతం హెట్ అని చీటీ. హెట్‌నీ మామూలుదాన్నీ కలిపితే పుట్టేవి 50 శాతం హెట్.

ఇప్పుడు డబ్బు లెక్క. ఉదాహరణకు మామూలు పిల్ల 40 డాలర్లు, నూరు శాతం హెట్ 120 అనుకుందాం. తేడా 80. 66 శాతం హెట్‌కు ఆ తేడాలో మూడింట రెండు వంతులు కలిపితే 93 వస్తుంది. కానీ అది నిజంగా మోస్తోందో లేదో తేలాలంటే పెంచి పిల్లలు తీయించాలి, ఏళ్లు పడుతుంది. ఆ రిస్కు మీదే కాబట్టి 70, 75 దగ్గర అడగడం న్యాయం. 50 శాతానికి 60 దాటకండి. ఇంట్లో ఒక్కదాన్ని పెంచుకోవడానికే అయితే, పిల్లలు తీయించే ఆలోచన లేకపోతే, ఏ హెట్‌కూ ఒక్క డాలరు అదనంగా ఇవ్వకండి. మీకు కనిపించని దానికి, వాడుకోని దానికి ధర ఎందుకు? ‘పెంచుకోవడానికే, హెట్ నాకు అక్కర్లేదు’ అని నేరుగా చెప్పండి. చాలామంది పెట్ ధరకు ఇస్తారు, లేదా హెట్ లేని పిల్లను చూపిస్తారు.

కొన్ని మార్ఫ్‌లకు ఇప్పుడు కుబుసం ముక్కతో జన్యు పరీక్ష చేసే ల్యాబ్‌లు ఉన్నాయి. బ్రీడర్ దగ్గర ఆ ఫలితం ఉంటే నూరు శాతం ధర అడగడంలో తప్పు లేదు. లేకపోతే, పరీక్ష ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగొచ్చు.

పెట్టుబడి అనుకుని మాత్రం కొనకండి. బందీలో మొదటి అల్బినో బాల్ పైథాన్లు 1992లో, పైడ్ 1997లో పుట్టాయి. అప్పట్లో ఒక్కోటి వేల డాలర్లు పలికిన రంగులు ఇవాళ కొన్ని వందలకే దొరుకుతున్నాయి. ప్రతి తరంలో పిల్లలు పెరుగుతాయి, ధర దిగుతుంది.

శనివారం పొద్దున వెళ్లాలా, ఆదివారం సాయంత్రమా?

ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక ధరలు దిగడం నిజమే, మిగిలినవన్నీ మళ్లీ సర్దుకుని వెనక్కి మోసుకుపోవాలి కాబట్టి. కానీ అప్పటికి మంచివి వెళ్లిపోయి ఉంటాయి. మిగిలినవి రెండు రోజులు మూత పెట్టిన చిన్న ప్లాస్టిక్ డెలి కప్పుల్లో, లైట్ల కింద, వందలమంది చూపుల మధ్య గడిపి ఉంటాయి. ఒక ప్రత్యేకమైన రంగు, ఫలానా బ్రీడర్ దగ్గరే కావాలనుకుంటే శనివారం తలుపులు తెరిచేసరికి వెళ్లి, దాదాపు అడిగిన ధరే ఇచ్చి తీసుకోండి. ఏ లెపర్డ్ గెకో అయినా ఫరవాలేదనుకుంటే ఆదివారం.

మధ్యేమార్గం ఒకటుంది. శనివారం చూసి, కావలసినదాన్ని ఫొటో తీసుకుని, ‘రేపు మధ్యాహ్నానికి ఇది ఇంకా ఉంటే ఎంతకిస్తారు?’ అని అడిగి రండి. కొందరు అప్పుడే ఆ ధరకు ఇచ్చేస్తారు.

ఏడాదిలో చూస్తే, బాల్ పైథాన్ పిల్లలు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు లోపు పుడతాయి. సెప్టెంబరు, అక్టోబరు షోలలో టేబుళ్లు నిండిపోయి ధర తక్కువ పలుకుతుంది. ఫిబ్రవరి, మార్చిలో ట్యాక్స్ రిఫండ్లు వచ్చి గిరాకీ పెరుగుతుంది. అయితే అప్పటికి మిగిలిన పిల్లలు బాగా తిని గట్టిపడి ఉంటాయి. కొత్తవారికి ఆ కాలమే మంచిది, పాతిక ఎక్కువైనా.

ఎలా అడగాలి?

ముందు జంతువు గురించి మాట్లాడండి, ధర తర్వాత. తిండి, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల గురించి అడిగాక, కొనాలని మీరు నిశ్చయించుకున్నాక ఒక్కసారే అడగండి: ‘ఇది నాకు నచ్చింది. 180కి ఇస్తే ఇప్పుడే నగదు ఇచ్చి తీసుకెళ్తాను.’ అంకె మీరే చెప్పాలి. ‘లాస్ట్ ప్రైస్ ఎంత?’ అంటే ఎదుటివారు పది తగ్గించి ఆగిపోతారు. మీ అంకెకు ఒప్పుకుంటే అక్కడితో ఆపండి. ఒప్పుకున్నాక ఇంకో ఇరవై అడగడం కంటే చెడ్డపేరు తెచ్చే పని లేదు. బ్రీడర్లు ఒకరికొకరు తెలిసినవారే.

కొనకూడదనుకుంటే బేరం మొదలుపెట్టకండి. జంతువును తిట్టి ధర తగ్గించాలని చూడకండి: ‘రంగు వెలిసిపోయింది’, ‘పక్కవాళ్లది బాగుంది’ లాంటివి. పిల్లల్ని ముందు నిలబెట్టి ‘వీడికి ఇదే కావాలట’ అంటే మీ బేరం అక్కడే ముగిసింది.

నగదు ఇస్తే తేడా ఉంటుందా?

ఉంటుంది. కార్డుకు బ్రీడర్‌కు సుమారు మూడు శాతం పోతుంది. ఇరవై డాలర్ల నోట్లు తీసుకెళ్లండి. హాల్లోని ఏటీఎంలో ఫీజు ఎక్కువ, మధ్యాహ్నానికి డబ్బు అయిపోతుంది కూడా. సేల్స్ ట్యాక్స్ ధరలో కలిసి ఉందో లేదో ముందే అడగండి. టెక్సస్‌లో అది 8.25 శాతం దాకా వెళ్తుంది, 300 డాలర్ల మీద దాదాపు 25 డాలర్లు. నగదు ఇస్తాను, ట్యాక్స్ తీసేయండి అని మాత్రం అడగకండి. చట్టం దాటమని అడిగినట్టే.

తర్వాత పంపించేలా కొంటే పేపాల్‌లో గూడ్స్ అండ్ సర్వీసెస్ కింద చెల్లించండి. ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపిన డబ్బుకు కొనుగోలుదారు రక్షణ ఉండదు.

ధర మాట్లాడేముందు జంతువును ఎలా పరీక్షించాలి?

చేతికి శానిటైజర్ రాసుకోకుండా, అడగకుండా కప్పు మూత తీయకండి. ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు మైట్స్ పాకేది మన చేతుల మీదుగానే.

పాము అయితే బయటికి తీయమనండి. చేతిలో బరువుగా, కండ పట్టి ఉండాలి. వెన్ను పైకి తేలి ఒళ్లు మూడు మూలలుగా కనిపిస్తే బక్కచిక్కిందని అర్థం. వేలిని వెన్ను వెంట మెల్లగా నడిపించండి, వంకర తగిలితే పుట్టుకతో వచ్చిన కింక్. గసగసాల్లా నల్లగా కదిలే చుక్కలు కళ్ల చుట్టూ, గడ్డం కింద మడతలో, నీళ్లలో కనిపిస్తే మైట్స్. తెల్లటి టిష్యూతో ఒళ్లంతా తుడిస్తే బయటపడతాయి. చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఊపిరిలో చిటపట, ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి గాలి పీల్చడం శ్వాసకోశ ఇన్ఫెక్షన్ లక్షణాలు. కడుపు కింది పొలుసులు ఎర్రబడి ఉంటే తడిలో మగ్గిందన్నమాట. కింద వదిలి నడక చూడండి: తల ఊగుతూ, తిరగబడుతూ ఉంటే నరాల లోపం. స్పైడర్ మార్ఫ్‌లో ఈ ఊపు జన్యువుతోపాటే వస్తుంది, పెంపకంతో పోదు.

లెపర్డ్ గెకోలో తోక చూడండి. మెడ కంటే లావుగా ఉండాలి. పుల్లలా ఎండిన తోక ఉంటే, పక్కనున్న గెకోలూ అలాగే ఉంటే, ఆ టేబుల్‌నే వదిలేయండి. క్రిప్టో అనే పేగుల జబ్బు కావొచ్చు, దానికి నమ్మదగిన మందు లేదు. వేళ్లు లెక్కపెట్టండి. పాత కుబుసం వేళ్లకు బిగుసుకుపోతే రక్తం ఆడక రాలిపోతాయి. లెమన్ ఫ్రాస్ట్ అనే రంగులో చర్మపు కణితులు చాలావాటికి వస్తాయి, ఆ రంగు ఎంత చవకైనా వద్దు. ఎనిగ్మాలో కూడా నరాల లోపం ఉంటుంది.

గడ్డపు డ్రాగన్ (బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి) పిల్ల ఆరు అంగుళాలకు తక్కువుంటే వద్దు. తల ఎత్తి చురుగ్గా చూడాలి. ఒక్కోసారి తోక కొస, వేళ్లు తోటి పిల్లలు కొరికేసి ఉంటాయి, చూసుకోండి.

లోపం కనిపిస్తే దాన్ని పట్టుకుని తగ్గించమనొచ్చా?

మానిపోయిన లోపమైతే అడగొచ్చు. ఎప్పుడో తెగి మానిన తోక కొస, ఒక వేలు లేకపోవడం, చిన్న మచ్చ: ఇవి జంతువు బతుకుకు అడ్డు కావు. పాతిక, ముప్పై శాతం తగ్గిస్తే పెంచుకోవడానికి మంచి బేరం. మైట్స్, ఊపిరి చప్పుడు, బక్కతనం, ఊగే తల ఉంటే ఏ ధరకూ వద్దు. జాలిపడి కొనకండి. మీరు కొన్న చోటులో రేపు అలాంటిదే ఇంకోటి కూర్చుంటుంది.

ధర తగ్గకపోతే ఇంకేం అడగొచ్చు?

కొసరు అడగండి. చాలాసార్లు ధర తగ్గడం కంటే కొసరే విలువైనది. గడ్డకట్టిన ఎలుకలు ఒక ప్యాకెట్, ఒక హైడ్ (జంతువు దాక్కునే గూడు), టబ్ లాంటివి బ్రీడర్‌కు తక్కువలో పడతాయి, మనకు పది, ఇరవై డాలర్లు మిగులుతాయి. తిండి రికార్డు ఫొటో తీసుకోనివ్వమనండి. పిల్ల ఇంకా చిన్నదైతే ‘ఇంకో మూడుసార్లు తిన్నాక తీసుకుంటాను, ఈ ధరకే ఉంచండి’ అనడం అన్నిటికంటే మంచి కొసరు. బతికి ఉన్న ఎలుకలే తింటుందో, గడ్డకట్టి కరిగించినవి తింటుందో తప్పక తేల్చుకోండి. బతికినవి మాత్రమే తినేదాన్ని మార్చడానికి నెలలు పట్టొచ్చు. ఆ మాట మీదే ధర అడగొచ్చు.

బయానా, రసీదు, గ్యారంటీ?

బయానా సాధారణంగా 20-25 శాతం. మనసు మార్చుకుంటే వెనక్కి రాదు. ఏ తేదీలోగా తీసుకోవాలో, అంతలో జంతువుకు ఏమైనా అయితే డబ్బు తిరిగిస్తారో లేదో రాయించుకోండి. రసీదులో మార్ఫ్, హెట్ శాతం, ఆడా మగా, పుట్టిన తేదీ, బ్రీడర్ పేరు ఉండాలి. ‘ఆడది కాకపోతే మార్చి ఇస్తాను’ అన్నది నోటిమాటగా వదలొద్దు. బాల్ పైథాన్లలో ఆడవి సాధారణంగా ఎక్కువ ధర పలుకుతాయి, ఒక మగ చాలా ఆడవాటికి సరిపోతుంది కాబట్టి. మీ ముందే పరీక్షించి చూపించమనండి. అది బ్రీడరే చేయాలి, చేతకానివారు చేస్తే తోక దెబ్బతింటుంది. బాగా చిన్న క్రెస్టెడ్ గెకోలను ఆడా మగా కచ్చితంగా తేల్చడం కష్టం, తేల్చిందన్న పేరుతో ఎక్కువ అడిగితే ఒప్పుకోకండి.

జంతువు చవకగా దొరికింది. ఇంకేం ఖర్చుంటుంది?

పెద్ద బాల్ పైథాన్‌కు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టె, వేడి వైపు 88-92 డిగ్రీలు, చల్లని వైపు 76-80, తేమ 60-70 శాతం. థర్మోస్టాట్ లేకుండా హీట్ మ్యాట్ పెడితే పాము కాలుతుంది. అన్నీ కలిపి 300 నుంచి 500 డాలర్లు. ఇవన్నీ షోకి ముందే ఇంట్లో నడుస్తూ, వేడి నిలబడి ఉండాలి. ఇంటికి తెచ్చాక వారం రోజులు పట్టుకోకండి, ఆ తర్వాతే తిండి. ఇంట్లో ఇంకో సరీసృపం ఉంటే 60-90 రోజులు వేరే గదిలో, తెల్ల కాగితం పరిచి ఉంచండి. ఐదేళ్లలోపు పిల్లలకు సాల్మొనెల్లా ప్రమాదం ఎక్కువ, ముట్టుకోనివ్వకండి.

చట్టంలో ఏం చూసుకోవాలి?

రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో రెటిక్యులేటెడ్ పైథాన్, గ్రీన్ అనకొండ లాంటి పెద్ద పాములకు పర్మిట్ కావాలి, బాల్ పైథాన్‌కు అక్కర్లేదు. చిప్ప నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్లను పెంపుడువిగా అమ్మడం 1975 నుంచి అమెరికా అంతటా నిషేధం. ఎవరైనా రూపాయంత తాబేలును చూపిస్తే ఆ టేబుల్ దగ్గర ఇంకేమీ కొనకండి. అపార్ట్‌మెంట్ లీజు కూడా చదవండి.

ఇండియాకు తీసుకెళ్లొచ్చా? అక్కడ కొనొచ్చా?

కుక్కలా వెంట తీసుకెళ్లే వెసులుబాటు పాములకూ బల్లులకూ లేదు. బాల్ పైథాన్ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, దేశం దాటాలంటే అనుమతి పత్రాలు కావాలి. తిరిగి వెళ్లే ఆలోచన ఉన్నవారు ముప్పై ఏళ్లు బతికే పామును కొనేముందు దాన్ని ఎవరికి అప్పగిస్తారో తేల్చుకోవాలి. భారత్‌లో సైటిస్ జాబితాలోని విదేశీ జంతువులు ఉన్నవారు 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. రాయలసీమలో దొరికే నక్షత్ర తాబేలు, మన కొండచిలువ, నాగుపాము లాంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. వాటికి బేరం లేదు, ఎవరైనా అమ్మజూపితే అటవీశాఖకు చెప్పాలి.